జిరాక్స్ షాపులో విలాప సర్గ

నేను డెబ్బయ్యో పడిలో పడే ముందు చదవడం మొదలుపెట్టిన సంస్కృత కావ్యంలో పదహారు సర్గలు, వెయ్యి ఎనభై ఎనిమిది శ్లోకాలు ఉన్నాయి. కావ్యం పేరు, కవి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే తెలిసినవాళ్ళు వ్యాఖ్యానాలు పట్టుకుని వస్తారు. ఆ కావ్యం ఎంత గొప్పదో చెప్పే అర్హత నాకు లేదు. ఎనభై దాటిన ఒక మనిషి దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా పాఠం చెప్పాలనుకున్నారు. అది జరిగిందా లేదా అన్నది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. నా దగ్గర రిజిస్టరు ఉంది.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి నందిగామలో రిటైరయ్యాను. తేదీలు రాసుకోవడం, లెక్కపెట్టడం ఉద్యోగం నేర్పిన అలవాట్లు కావు. ఆ అలవాట్లు ఉండబట్టే నాకు ఆ ఉద్యోగం కుదిరింది. మెట్లెక్కితే మెట్లు లెక్కపెడతాను. ఎవరైనా పద్యం చదివితే వేళ్ళమీద అక్షరాలు లెక్కపెడతాను. పద్యం అర్థమైందా లేదా అన్నది తర్వాతి సంగతి.

గురువుగారు పరిచయమైంది ఆ లెక్క వల్లే. జగ్గయ్యపేటలో తోటి టీచరు ఒకామె పదవీ విరమణ సభకు వెళ్ళాను. వేదిక మీద ఒక పెద్దాయన, కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన ఆయన, ఒక శ్లోకం చదివి అర్థం చెప్పారు. నాలుగు పాదాలు. మొదటిది పదకొండు అక్షరాలు, రెండోది పదకొండు, నాలుగోది పదకొండు. మూడోది పది. మొత్తం నలభై మూడు. అది నాకు కుర్చీలో మేకులాగా గుచ్చుకుంటూనే ఉంది. సభ అయ్యాక టీ ఇస్తున్న చోట ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమీ అనుకోకండి. మూడో పాదంలో ఒక అక్షరం తగ్గిందండి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "మీకు సంస్కృతం వచ్చాండీ?"

"రాదండి. లెక్క వచ్చు."

ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ మళ్ళీ చదివారు. మూడో పాదం దగ్గర ఆగి, నవ్వారు. "నిజమే. ఒక అక్షరం మింగేశా. ముప్పై ఒక్క ఏళ్ళు క్లాసులో చదివానండి ఈ శ్లోకం. ఎన్నిసార్లు మింగానో! ఒక్కడూ లెక్కపెట్టలేదు." తర్వాత అడిగారు, "ఇంటి దగ్గర ఏం చేస్తుంటారు?"

"సుడోకు చేస్తుంటానండి."

"సోమవారం మా ఇంటికి రండి. దానికంటే మంచిది ఇస్తాను."

ఆ సోమవారం ఆయన తన కోరిక చెప్పారు. చిన్నప్పుడు తన గురువు దగ్గర ఆ కావ్యం పదహారు సర్గలూ చదివారట. ఉద్యోగంలో చేరాక సిలబస్‌లో రెండో సర్గ ఒక్కటే ఉండేది. అందులోనూ మొదటి ముప్పై శ్లోకాలు. ముప్పై ఒక్క ఏళ్ళు, ప్రతి జూన్‌లో ఒకటో శ్లోకం, ప్రతి ఫిబ్రవరిలో ముప్పయ్యో శ్లోకం.

"పిల్లల లెక్కలో ఆ కవి ముప్పై శ్లోకాలు రాసి పోయినవాడండి. ఒక్కణ్ణయినా కూర్చోబెట్టి మొత్తం చెబుదామని ప్రతి ఏడూ అనుకున్నా. కుదర్లేదు. కళ్ళు పోతున్నాయి. ఎనభై ఒకటి నడుస్తోంది. ఒక్కసారి, మొత్తం, ఒక్క మనిషికి చెప్పి పోవాలని ఉంది టీచరమ్మా."

నేను అక్కడే కాగితం తీసి లెక్క వేశాను. రోజుకు ఎనిమిది శ్లోకాల చొప్పున నూట ముప్పై ఆరు పాఠాలు. సోమ, బుధ, శుక్రవారాలు వస్తే నలభై ఆరు వారాలు. కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని చదివి, "కవికి కూడా ఇంత ప్లాను ఉండి ఉండదు," అన్నారు.

మర్నాడు నందిగామ బజారులో రెండు వందల పేజీల రిజిస్టరు కొన్నాను. మొదటి పేజీలో కవి వివరాలు రాద్దామని బుధవారం నాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"కవిగారు పుట్టిన తేదీ?"

"తెలియదు."

"పోనీ సంవత్సరం?"

"తెలియదు."

"శతాబ్దం?"

"ఒక పండితుడు ఒకటంటాడు. ఇంకొకాయన దాన్ని మూడు వందల ఏళ్ళు ఇవతలికి లాగుతాడు."

"ఊరు?"

"నాలుగు రాష్ట్రాల వాళ్ళు మావాడంటే మావాడంటారు."

నాకు నిజంగానే కోపం వచ్చింది. "వెయ్యి శ్లోకాలు రాసిన మనిషి చివర ఒక్క తేదీ వేయలేకపోయాడా అండీ? మా ఎనిమిదో తరగతి పిల్లలు హోంవర్కు కింద కూడా తేదీ వేస్తారు."

గురువుగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "తన తేదీ వేసుకోలేదు గానీ, ఏ పువ్వు ఏ నెలలో పూస్తుందో మాత్రం తప్పు చెప్పడు. మీరే చూస్తారుగా."

చూశాను. ఆరో సర్గలో ఋతువుల వర్ణన వచ్చింది. వానలు పడగానే కడిమి పూస్తుందని కవి రాశాడు. మా వీధి చివర ఒక కడిమి చెట్టు ఉంది. ముప్పై ఏళ్ళుగా దాని పక్కనుంచే బడికి నడిచాను గానీ తలెత్తి చూడలేదు. ఆ ఏడు తొలకరి తర్వాత పసుపుపచ్చ బంతుల్లాంటి పూలు కనబడ్డాయి. రిజిస్టరులో తేదీ వేసి, పక్కన "కవి చెప్పింది సరే" అని రాసుకున్నాను.

పాఠం పద్ధతి నాకు మొదటి రోజే నచ్చింది. ఛందస్సులో ఇమడటానికి కవి మాటలను ఎక్కడెక్కడో పెడతాడు. వాటిని మామూలు వాక్యం వరుసలోకి తెచ్చుకోవడాన్ని అన్వయం అంటారు. గురువుగారు ముందు శ్లోకం చదివేవారు, నేను తిరిగి చదివేదాన్ని. తర్వాత ప్రశ్నలు వేసేవారు. ముందు క్రియను పట్టుకోమనేవారు. "వెళ్ళాడు. ఎవరు వెళ్ళాడు? ఎక్కడికి? ఎవరితో? ఎలాంటి వాడు?" ప్రతి ప్రశ్నకూ శ్లోకంలో ఎక్కడో ఒక మాట దొరికేది. చివరికి ఒక్క మాట కూడా మిగలకూడదు. మిగిలితే ఎక్కడో తప్పు చేసినట్టు. సమీకరణం సాధించడం కూడా అంతే కదా! మహాకావ్యంలో నగరం ఉండాలి, కొండ ఉండాలి, సూర్యోదయం, చంద్రోదయం ఉండాలి, సర్గ చివర ఛందస్సు మారాలి అని నియమాలున్నాయని తెలిసినప్పుడు ఈ కవులు నావాళ్ళే అనిపించింది. నియమం ఉన్న చోట నాకు భయం ఉండదు.

నందిగామలో పదిన్నర బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర హైవే దిగి, ముక్త్యాల వైపు సిమెంటు లారీలు లేపిన దుమ్ములోంచి జగ్గయ్యపేట బస్టాండు చేరేదాన్ని. కావ్యం నడుస్తుండగానే ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. కండక్టరు సున్నా అని కొట్టి ఇచ్చే టికెట్టు మీద తేదీ, సమయం అచ్చై ఉంటాయి. ఆ టికెట్లు రిజిస్టరులో అంటించడం మొదలుపెట్టాను. నా రాత మీద అనుమానం ఉన్నవాళ్ళకు అదొక సాక్ష్యం.

గురువుగారి సందు మొదట్లో ఒక జిరాక్స్ షాపు ఉంది. నడిపే ఆయనకు నలభై ఐదేళ్ళుంటాయి. ముస్లిం. ఇంటర్‌లో గురువుగారి శిష్యుడే. గురువుగారి కోసం పుస్తకం పేజీలను పెద్దవి చేయించడానికి వెళ్ళినప్పుడు పరిచయమయ్యాడు. మెషిన్ మీద నూట నలభై ఒకటి అని నొక్కాడు.

"రెండుకు వర్గమూలం అది," అన్నాను.

"ఏమోనండి మేడం. ఏ ఫోర్‌ని ఏ త్రీ చెయ్యాలంటే అదే నొక్కాలి. పంతొమ్మిదేళ్ళ నుంచి నొక్కుతున్నా." కాగితాలు తీస్తూ శ్లోకాలు చూశాడు. "సార్ క్లాసే ఇది! నాకు సంస్కృతంలో నూటికి తొంభై ఏడండి."

"అయితే ఒక శ్లోకం చెప్పు బాబూ."

"శ్లోకాలు ఎవరికొచ్చండీ? ఇంపార్టెంట్ ప్రశ్నలు నాలుగు బట్టీ కొట్టడం, తెలుగు లిపిలో రాసేయడం. మా బ్యాచ్‌లో అందరం మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళమే."

ఇది గురువుగారికి చెబితే, "ఆ తొంభై ఏడులో నా పాపం కూడా ఉంది లెండి," అన్నారు.

మొదటి అరవై పాఠాలు లెక్క ప్రకారం నడిచాయి. అరవై ఎనిమిదులు నాలుగు వందల ఎనభై. ఆ తర్వాత ఒక సోమవారం గురువుగారు శుక్రవారం చెప్పిన శ్లోకాలే మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇవి అయిపోయాయండి."

"ఎక్కడయ్యాయి? నిన్నటిది ముప్పై రెండుతో ఆపాం."

రిజిస్టరు తీసి చదివాను. ఆయన వాదించారు. ఇంకో నెలకు వాదించడం మానేసి, "రిజిస్టరు ఏమంటే అదే," అనడం మొదలుపెట్టారు. శ్లోకం మాత్రం నోటికి ఆగకుండా వచ్చేది. అన్వయం దగ్గర ఆగేవారు. "ఎవరు వెళ్ళాడు?" అని అడుగుతారు. నేను చెబుతాను. కాసేపటికి మళ్ళీ, "ఎవరు వెళ్ళాడు?" అంటారు.

నేను పది పాఠాలకొకసారి సగటు తీసేదాన్ని. ఎనిమిది ఏడయింది, ఆరయింది, అయిదయింది, నాలుగయింది. ఇంట్లోవాళ్ళు ఎవరూ గమనించకముందే ఆయనకు ఏం జరుగుతోందో నాకు అంకెల్లో కనిపించింది. అంత బాగా వచ్చిన లెక్క చూసి అంత దిగులుపడటం నాకు అదే మొదటిసారి. పదకొండో సర్గ పూర్తయ్యేసరికి నూట ఇరవై నాలుగు పాఠాల్లో ఎనిమిది వందల శ్లోకాలు అయ్యాయి. రెండు వందల ఎనభై ఎనిమిది మిగిలాయి. అప్పటికి రోజుకు మూడు శ్లోకాలు జరుగుతున్నాయి. మూడు చొప్పునైతే తొంభై ఆరు పాఠాలు, ముప్పై రెండు వారాలు. ఆ మూడు కూడా రెండైతే? ఆ లెక్క వేసి, కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

అదే రోజు గురువుగారు అడిగారు. "టీచరమ్మా, మీ లెక్క ఏమంటోంది? ఇంకెన్ని వారాలు?"

"ఇరవై వారాలండి."

జీవితంలో తెలిసి తెలిసి తప్పు లెక్క చెప్పడం నాకు అదొక్కసారే. ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి.

"ఇరవై వారాలంటే అరవై పాఠాలు. మిగిలినవి మూడు వందలకు ఒక పన్నెండు తక్కువ. రోజుకు దగ్గర దగ్గర అయిదు చెప్పాలి. మనం చెప్పేది మూడేగా. లెక్కల టీచరు తప్పు లెక్క చెబితే ఎట్లాగండీ?"

మళ్ళీ ఆయనే అన్నారు. "నాకు తెలుస్తూనే ఉంది లెండి. పొద్దున్నే లేచి నిన్న ఏం చెప్పానా అని వెతుక్కుంటున్నా. దొరకట్లేదు."

అప్పుడు నేను ఒక టీచరు మాత్రమే చేయగల తప్పు చేశాను. "పన్నెండో సర్గ విలాప సర్గ కదండీ. యాభై నాలుగు శ్లోకాలు. అది వదిలేస్తే పద్దెనిమిది పాఠాలు కలిసొస్తాయి. ఎలాగూ అశుభమని చాలామంది పాఠం చెప్పరట. చాయిస్‌లో వదిలేద్దామండి."

ఆయన నామీద గొంతెత్తింది ఆ ఒక్కరోజే. "ముప్పై ఒక్క ఏళ్ళు పదిహేను సర్గలు చాయిస్‌లో వదిలేశానండీ! ఇంకా వదలమంటారా? మొత్తం అంటే మొత్తం. పూర్తి కాకపోతే పోయింది. వదిలేసి పూర్తి చేశాననుకోవడం నాకొద్దు."

బుధవారం పన్నెండో సర్గ మొదలైంది. మొదటి శ్లోకం సగంలో ఉండగానే ఆయన కోడలు తడిచేతులతో వసారాలోకి వచ్చింది. ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి.

"మావయ్యగారూ, ఇంట్లో నిండు మనిషిని పెట్టుకుని ఆ ఏడుపు శ్లోకాలేంటండీ? మీరే కదా చెప్పారు, ఆ సర్గ ఇళ్ళల్లో చదవరని?"

గురువుగారు చదవడం ఆపేశారు. ఆమె నా వైపు తిరిగింది. "టీచర్ గారూ, మిమ్మల్ని అనట్లేదండి. నాకు భయంగా ఉంది, అంతే."

ఆమె భయం అబద్ధం కాదు. ఆచారం కూడా ఉంది. గురువుగారి గురువు ఆ సర్గ వచ్చినప్పుడు శిష్యులను పాలేరు ఒడ్డుకు తీసుకెళ్ళి చెప్పేవారట. ఏ రోజూ పాఠం శోకశ్లోకంతో ముగించేవారు కాదట. చివర కావ్యం మొదటి శ్లోకం, అంటే మంగళంగా మొదలయ్యే శ్లోకం, చదివి లేచేవారట. కానీ ఎనభై రెండేళ్ళ మనిషిని ఏటి ఒడ్డుకు ఎలా తీసుకెళ్తాను? గుడి మండపం అడిగితే పూజారిగారు, "స్వామి ముందు శోకాలు పెట్టకండమ్మా," అన్నారు. లైబ్రరీలో పైకి చదవకూడదు. శుక్రవారం పాఠం జరగలేదు. సోమవారమూ జరగలేదు. సగంలో ఆగిన బుధవారంతో కలిపి రిజిస్టరులో మూడు ఖాళీ గళ్ళు. తిరిగి వెళ్తూ జిరాక్స్ షాపు దగ్గర నీళ్ళు అడిగి తాగుతూ ఈ సంగతి చెప్పాను.

"మా షాపులో చెప్పించుకోండి మేడం," అన్నాడు అతను.

"అది ఏడుపు సర్గ బాబూ. అశుభమంటున్నారు. నీ వ్యాపారం..."

"రోజుకు నాలుగు డెత్ సర్టిఫికెట్లు జిరాక్స్ తీస్తానండి ఈ మెషిన్ మీద. దానికి లేని అశుభం నాకేంటి? మధ్యాహ్నం రెండు నుంచి నాలుగింటిదాకా ఎట్లాగూ ఈగలు తోలుకోవడమే. శుక్రవారం మాత్రం నమాజు చేసుకుని వచ్చేసరికి రెండున్నర అవుద్ది." అని ఆగి, "అయినా రెండో సర్గ తర్వాత కథ ఏమైందో నాకూ తెలీదు కదండీ. సారు మధ్యలో వదిలేశారు," అన్నాడు.

అలా పద్దెనిమిది పాఠాలు జిరాక్స్ షాపులో జరిగాయి. గురువుగారికి అతను చేతుల కుర్చీ వేసేవాడు. నాకు కాగితాల పెట్టె మీద దిండు వేసేవాడు. పక్కన మెషిన్ వేడిగా ఉండేది, కాగితం కాలీకాలని వాసన వేసేది. శ్లోకం మధ్యలో ఎవరో ఒకరు వచ్చేవారు.

"ఆధార్ రెండు వైపులా."

"ఒక్క నిమిషం ఆగన్నా. ఇక్కడ ఒకాయన ఏడుస్తున్నాడు."

"ఎవరు?"

"పుస్తకంలో ఆయన. నువ్వు కూర్చో."

గురువుగారికి ఇది సరదాగా ఉండేది. "ఏరా, తొంభై ఏడూ! ఇప్పుడు చెప్పు. ఎవరు ఏడుస్తున్నాడు?" అని అడిగేవారు. అతను టోనరు అంటిన వేళ్ళతో తల గోక్కుని, ఒక్కోసారి నాకంటే ముందే చెప్పేవాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా భర్త ఆసుపత్రిలో పోయినప్పుడు నేను గోడ గడియారం చూశాను. మూడు గంటల నలభై నిమిషాలు. బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాను. ఆ రాసుకోవడం ఆయన అక్క చూసింది. "అంత జరిగితే టైము రాసుకుంటోందమ్మా, ఏం మనిషో," అని దినవారాలయ్యేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి నాకే తెలియదు. నిజంగానే రాయి మనిషినేమో అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను.

విలాప సర్గ మూడో పాఠంలో అలవాటుగా వేళ్ళు మడిచాను. పది, పదకొండు, పది, పదకొండు. నలభై రెండు. తర్వాతి శ్లోకం, నలభై రెండు. ఆ తర్వాతిదీ అంతే. మనిషి గుండె పగిలి ఏడుస్తున్నాడు. పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు.

"గురువుగారూ, ఇంత ఏడుపులో కూడా కవి లెక్క తప్పలేదేమండీ?"

ఆయన వెంటనే చెప్పారు. ఆ రోజు ఆయన మనసు చాలా స్పష్టంగా ఉంది. "తప్పితే ఏడవలేడమ్మా. కూలబడిపోతాడు. ఆ లెక్క పట్టుకునే నిలబడ్డాడు. శోకానికి ఈ ఛందస్సు కవులు ఊరికే ఎంచుకోలేదు. ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు. దెబ్బ తగిలినవాడు నడిచినట్టు ఉంటుంది చూడండి."

నేను రిజిస్టరు మూసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. జిరాక్స్ అతను మెషిన్ ఆపేసి, నా ముందు నీళ్ళ సీసా పెట్టి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఏడ్చాను. ఎంతసేపో రాసుకోలేదు. ఆ సర్గ వదిలేద్దామన్నది నేనే. నా మాట ఆయన విని ఉంటే నాకు ఇది దక్కేది కాదు. ఆయన అరిచినందుకు ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆచారం ప్రకారం ఆ పద్దెనిమిది రోజులూ మొదటి శ్లోకం చదివి పాఠం ముగించాం. సర్గ పూర్తి కాకముందే మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కోడలు తనే షాపుకు వచ్చి మిఠాయి పెట్టి, "టీచర్ గారూ, పదమూడో సర్గలో ఏడుపేం లేదు కదండీ? ఇంటికొచ్చేయండి," అంది.

మిగిలిన రెండు వందల ముప్పై నాలుగు శ్లోకాలకు డెబ్బై ఎనిమిది పాఠాలు పట్టాయి. చివరి సర్గలు వచ్చేసరికి పాఠం తిరగబడింది. గురువుగారు శ్లోకం చదివేవారు, అన్వయం నేను చెప్పేదాన్ని. తప్పైతే ఆయన ముఖం చిట్లేది. ఎక్కడ తప్పో చెప్పలేకపోయేవారు గానీ, తప్పు ఉందని మాత్రం తెలిసేది. నేను మళ్ళీ క్రియ దగ్గర మొదలుపెట్టి వెతుక్కునేదాన్ని. ముఖం చిట్లింపు పోయేదాకా వెతికేదాన్ని. అంతకంటే మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు భయంగా అడిగారు. "చివరి రెండు సర్గలు ఆ కవివి కావని కొందరంటారు, చెప్పానా మీకు?"

"చెప్పారండి. నాలుగుసార్లు."

"ఆయన పూర్తి చేయలేకపోతే వేరెవరో రాసి అతికించారంటారు. అతికించినవాడి పేరు కూడా తెలియదు."

"అతుకు కనపడుతుందాండీ?"

ఆయన ఆలోచించి, "మీరు లెక్కపెట్టారుగా. మీకు కనపడిందా?" అన్నారు.

"లేదండి."

"అయితే పూర్తయినట్టే."

ఆఖరి పాఠం ఒక సోమవారం జరిగింది. రెండు వందల ఇరవయ్యో పాఠం. నలభై ఆరు వారాలనుకున్నది ఎనభై మూడు వారాలైంది. తప్పిన పాఠాలు ఇరవై తొమ్మిది. నా మోకాలి వల్ల పదకొండు, ఆయన జ్వరాల వల్ల తొమ్మిది, వానలు, పండగలు, చోటు దొరకని ఆ మూడు రోజులు కలిపి తొమ్మిది. జిరాక్స్ అతను షట్టరు సగం దించి వచ్చాడు. కోడలు చంటిదాన్ని ఎత్తుకుని గడపలో కూర్చుంది.

చివరి మూడు శ్లోకాలు అయ్యాయి. కావ్యం పూర్తయిన వెంటనే మొదటి శ్లోకం చదవాలి. చదువు అయిపోయిందని అనిపించుకోకూడదని అలా చేస్తారు. గురువుగారు మొదలుపెట్టారు. రెండు పాదాలు చదివారు. మూడో పాదం రాలేదు. ఎనభై మూడు వారాల్లో శ్లోకం నోటికి రాకపోవడం అదే మొదటిసారి. ఆయన చేతులు ఒడిలో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. నేను అందిద్దామని నోరు తెరిచేలోపు గోడ దగ్గర నుంచి జిరాక్స్ అతని గొంతు వినిపించింది. మూడో పాదం, నాలుగో పాదం, తడుముకోకుండా చదివాడు. పద్దెనిమిది రోజులు మెషిన్ పక్కన నిలబడి విన్న శ్లోకం అది. నా వేళ్ళు వాటంతటవే మడుచుకున్నాయి. పదకొండు, పదకొండు. సరిపోయింది.

గురువుగారు గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. "ఎన్నన్నావురా నీ మార్కులు?"

"తొంభై ఏడండి సార్."

"మిగతా మూడూ ఇప్పుడు వేశాను పో."

కోడలు పైటతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను రిజిస్టరులో "16వ సర్గ, సంపూర్ణం" అని రాసి, తేదీ వేసి, టికెట్టు అంటించాను. గురువుగారి చేత సంతకం పెట్టించాను. కవి వేయని తేదీ మేమైనా వేయాలి కదా!

కథ అక్కడ అయిపోయిందని అనుకుని బుధవారం నేను వెళ్ళలేదు. పన్నెండు గంటలకు కోడలు ఫోన్ చేసింది. "టీచర్ గారూ, మావయ్యగారు వసారాలో కూర్చుని మీ కోసం చూస్తున్నారండి. పాఠం టైమైంది, రాలేదేంటి అంటున్నారు." తర్వాతి బస్సెక్కి వెళ్ళాను.

"ఇవాళ ఎక్కడి నుంచి టీచరమ్మా?" అన్నారు.

"పూర్తయిందండి. సోమవారం నాడే."

"ఏది పూర్తయింది?"

"కావ్యం."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "మొత్తమా?"

"మొత్తమండి. పదహారు సర్గలు."

"విలాప సర్గ?"

"దాంతో సహా. యాభై నాలుగు శ్లోకాలు. జిరాక్స్ షాపులో."

"ఎవరు చెప్పారు?"

"మీరేనండి. ఇదిగో మీ సంతకం."

కాగితం మీద ఆయన వేలు పట్టుకుని సంతకం ఉన్న చోట పెట్టాను. ఆయనకు కనపడదు. పెన్ను నొక్కిన గీతలు తగిలి ఉంటాయి. ఆ ముఖంలో వచ్చిన సంతోషం సోమవారం నాటిదానికంటే ఎక్కువ. సోమవారం అలసిపోయి ఉన్నారు. ఈ రోజు కొత్తగా విన్నారు.

"చెప్పేశానన్నమాట," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "అయితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామా?"

ఇప్పటికీ సోమవారాలు వెళ్తున్నాను. మోకాలి వల్ల వారానికి ఒక్కరోజే. వెళ్ళినప్పుడల్లా ఎక్కడి నుంచి అని ఆయన అడుగుతారు, పూర్తయిందని నేను చెబుతాను, మొత్తమా అని ఆయన నిటారుగా లేచి కూర్చుంటారు. ఆ వార్త మోసుకెళ్ళే పని నాకు దొరికినందుకు ఏ దేవుడికి చెప్పుకోవాలో తెలియదు. ఆ తర్వాత ఒక్క శ్లోకం చదువుకుంటాం. రెండో రిజిస్టరు కొన్నాను. మొన్నటి సోమవారానికి పదకొండుసార్లు చెప్పాను, మొదటి సర్గలో పదకొండో శ్లోకం అయింది. వచ్చే సోమవారం పన్నెండు.